నవలలో చరిత్ర యెంత?

చారిత్రక నవల చదివి ముగించినప్పుడు, అట్టి చిత్రము చూచి యింటికి వచ్చినప్పుడు మనకు గలుగు సందేహ మొక్కటే: ఇందు జరిగిన దెంత? కల్పించిన దెంత? కాకతి రుద్రమదేవి కథ నుదాహరణముగా గైకొని యీ ప్రశ్నను విచారింతము.

అడివి బాపిరాజుగారి 'గోన గన్నారెడ్డి' నవల తెలుగువారికి మిక్కిలి ప్రీతిపాత్రము. అందు గన్నారెడ్డి గజదొంగగా పేరుమోసి, లోలోపల రాణికి అండగా నిలుచు వీరుడు. 2015లో వచ్చిన 'రుద్రమదేవి' చిత్రముకూడ నిట్టి రూపమునే ప్రచారము చేసినది. రాయచూరు కోటలోని 1294 నాటి శాసనము మాత్రము గన్నారెడ్డి పక్షమున విఠలుడు కోట గట్టించెనని చెప్పుచున్నది. కావున వ్యక్తి చరిత్రకు చెందినవాడు. దొంగవేషము నవలకు చెందినది.

ప్రాచీనుల వ్రాత యెల్ల సత్యమనుటయు పొరపాటే. మార్కో పోలో ఈ రాణి రాజుగారి వితంతువని వ్రాసెను. ఆమె గణపతిదేవుని కుమార్తెయనియు, చాళుక్య వీరభద్రుని భార్యయనియు పరిశోధకులు శాసనములవలన నిర్ణయించిరి. ఆ యాత్రికుడే పేర్కొనిన మోటుపల్లి రేవు నిజమనుటకు గణపతిదేవుని 1244 నాటి అభయశాసనము సాక్ష్యము. ఒకే సాక్షి యొకచోట సరిగా పలికి, వేరొకచోట తప్పవచ్చును.

ఇక రాణి మరణము. చందుపట్ల శాసనము 1289 నవంబరు 27వ తేదీ నాటిది. రుద్రమదేవియు, సేనాని మల్లికార్జున నాయకుడును శివలోకమున కేగిరనియు, వారి పుణ్యమునకై పువ్వుల ముమ్మడి భూదానము చేసెననియు అందు గలదు. అంబదేవునితో జరిగిన యుద్ధమున వారు మడిసిరనుట పండితుల యూహ. అది బలమైన యూహయే. కాని శాసనవాక్యము కాదు.

కావున మన మడుగవలసిన ప్రశ్నలు మూడు. ఈ మాట యెవరు చెప్పిరి? సంఘటనకు ఎంతకాలము పిమ్మట చెప్పిరి? వేరొక సాక్ష్యము దీనిని బలపరచుచున్నదా?

ఇట్లడుగుట నవలాకారుని నిందించుట కాదు. శిలలు పలుకనిచోట మాటలు కల్పించుట యాతని హక్కు. అయినను కల్పిత సాహసములు మన యింటి పిల్లలకు కంఠస్థమై, రాణితోపాటు శాసనమున కెక్కిన మల్లికార్జున నాయకుని పేరైనను వారికి తెలియకుండుట న్యాయమా? నవలను ఆనందమునకై చదువుదము. ముగించిన పిమ్మట శాసనమును గూడ నొకమారు పలుకరింతము.