అండమాన్ అంటే ఒక్క మార్కు బిట్టేనా?

చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీల కుర్చీ దొరకాలంటే పొద్దుగాల్నే పోవాలె. గట్ల కూసొని నాలుగేండ్ల సంది అండమాన్ మీద నేను చదివింది రెండే ముక్కలు. టెన్ డిగ్రీ ఛానెల్ ఏ దీవుల నడుమ ఉంటది? ఇందిరా పాయింట్ యాడున్నది? బబుల్ దిద్దుడు, పేజీ తిప్పుడు. ఆడి జనం ఎట్ల బతుకుతున్నరో ఏ సారూ చెప్పలే, నేనూ అడగలే.

మొన్న నారాయణగూడల చాయ్ తాగుతుంటే శ్రీకాకుళం దోస్తు చెప్పిండు, వాళ్ల చిన్నాయన చేపల పని మీద పోయి ఆడ్నే ఉండిపోయిండట. పోర్ట్ బ్లెయిర్‌ల. 2024ల దాని పేరు శ్రీ విజయపురం అని మార్చిన్రు. 2011 లెక్కల ప్రకారం ఆ దీవులల్ల జనం 3.8 లక్షలు. అండ్ల నూటికి 13 మంది తెలుగోళ్లే. మన హైదరాబాద్‌కూ పాత సంబంధమే. 1857 జులై 17న కోఠి రెసిడెన్సీ మీదికి పోయిన మౌల్వీ అల్లావుద్దీన్‌ను అండమాన్ జైలుకే పంపిన్రు. ఆయన ఆడ్నే కన్నుమూసిండు.

ఇగ బతుకుదెరువు సంగతి. విశాఖ నుంచి పోర్ట్ బ్లెయిర్ సుమారు 1,200 కిలోమీటర్లు. బియ్యం, ఉల్లిగడ్డ, సిమెంట్, డీజిల్ అన్నీ ఓడల మీదనే రావాలె. కరెంటు కూడా ఎక్కువ డీజిల్ జనరేటర్లతోనే. కొబ్బరి, వక్క పండుతయి, చేపలున్నయి, టూరిస్టులు వస్తరు. ఒకప్పుడు కట్టె వ్యాపారం జోరుగుండె. చాథం కోతమిల్లు 1883ల పెట్టిందే. 2002ల సుప్రీంకోర్టు అడవి నరుకుడుకు కళ్లెం ఏసినంక అది తగ్గింది. మిగిలిన పెద్ద ఆధారం సర్కారు కొలువే. అసెంబ్లీ లేదు, బడ్జెట్ ఢిల్లీ నుంచే వస్తది. జీతం పైసలు దీవిల పడుతయి, సామాన్ల బిల్లుల రూపంల మళ్ల చెన్నైకో కోల్‌కతాకో ఎళ్లిపోతయి.

ఇది రాస్తుంటే మా అశోక్ నగర్ యాదికొచ్చింది. ఈడ హాస్టళ్లు, మెస్సులు, జిరాక్స్ షాపులు నడిచేది ఊర్ల నుంచి అమ్మానాయనలు పంపే పైసలతోనే. నోటిఫికేషన్ లేటయితే గల్లీ అంత సల్లగయితది. మాది గూడ దీవే అన్నట్టు.

ఇప్పుడు గ్రేట్ నికోబార్‌ల పెద్ద పోర్టు, ఎయిర్‌పోర్టు, కొత్త టౌన్ కడుతమంటున్నరు. మొదట్ల చెప్పిన ఖర్చు 72,000 కోట్లు. 2022 నవంబర్‌ల పర్యావరణ అనుమతి ఇచ్చిన్రు. మలక్కా జలసంధి దగ్గర్నే కాబట్టి ఓడలు ఆగుతయి, దందా పెరుగుతది అని సర్కారు మాట. అది ఉత్తమాటని నేననను. కని 130 చదరపు కిలోమీటర్ల అడవి పోతది. షాంపెన్ తెగ ఉండేది ఆ దీవిలనే. 2004 సునామీ తర్వాత కాలనీలకు తెచ్చిన నికోబారీలు మా పాత ఊర్లకు మమ్మల్ని పోనియ్యిన్రి అంటున్నరు. 2011ల ఆ దీవి మొత్తం జనం 8 వేలే. గంత పెద్ద పోర్టుల కొలువులు ఆళ్లకెన్ని, బయటోళ్లకెన్ని? నాకైతే ముందు ఈ లెక్క కావాలె.

2020 ఆగస్టుల చెన్నై నుంచి సముద్రం అడుగున కేబుల్ ఏసినంక ఆడ నెట్ మంచిగొస్తుందట. దోస్తు వాళ్ల చిన్నాయన కొడుకు ఏం జేస్తడని అడిగిన. సర్కారు కొలువుకు ప్రిపేర్ అయితున్నడట. యూట్యూబ్‌ల మా అశోక్ నగర్ సార్ల క్లాసులే చూస్తడట.