గుండెకు తీగ ఎక్కడ పెడతారు?

ఇంట్లో పెద్దవారికి గుండె నెమ్మదించి కళ్లు తిరిగితే డాక్టరుగారు పేస్‌మేకరు అంటారు. మనం ఖరీదు అడిగి ఊరుకుంటాం. తీగ సంగతీ అడగాలండీ.

అనంతపురం కరువుసీమ వాళ్లం, మనకు తెలియనిదా? కాలువలో వదిలిన నీరు చేనంతా అందుతుంది. మూలన గుమ్మరిస్తే నెమ్మదిగా పాకుతుంది. గుండెలో విద్యుత్తూ అంతే. తీగ కొన కుడివైపు కింది గది కండకు తగిలిస్తే, ఏళ్లమీద కొందరికి గుండె బలహీనపడుతుంది. 2017లో చైనా వైద్యులు తీగను గదుల మధ్య గోడలోకి స్క్రూలాగ తిప్పి, గుండె సొంత విద్యుత్ కాలువనే అందుకున్న విధానం ప్రకటించారు.

ఇందుకు తీగలు రెండు రకాలు. ఒకటి సన్నం, సుమారు 1.4 మిల్లీమీటర్లు, లోపల బోలు ఉండదు. రెండోది కాస్త లావు. పెట్టేటప్పుడు లోపలికి ఉక్కుపుల్ల దూర్చి నెడతారు. ఏదైనా చెయ్యి తిరిగిన డాక్టరే ముఖ్యం.

పుట్టపర్తికో బెంగుళూరుకో బయల్దేరేముందు చీటీ రాసుకోండి: మా అత్తగారి గుండె ఎక్కువగా పేస్‌మేకరు మీదే నడుస్తుందా? తీగ కొన ఎక్కడ పెడతారు? ఆ పని మీకు అలవాటేనా?