మంచి ఆటపెట్టె ఎందుకు ఓడిపోయింది?

పిల్లలూ! పరుగు పందెంలో అందరికంటే ముందుగా బయలుదేరినవాడు, చురుకైన కాళ్ళు గలవాడు చివరకు ఓడిపోయాడంటే మీకు వెంటనే కుందేలు-తాబేలు కథ గుర్తుకు వస్తుంది. కాని ఆ కథలో కుందేలు దారిలో నిద్రపోయింది. ఇప్పుడు చెప్పబోయే కథలో నిద్రపోయినవారు ఎవరూ లేరు. రాత్రింబగళ్ళు కష్టపడ్డారు, మంచి వస్తువే తయారుచేశారు, అందరికంటే ముందే బజారుకు తెచ్చారు. అయినా ఓడిపోయారు. ఎందుకని?

ఇది ఒక ఆటపెట్టె కథ. టెలివిజనుకు తగిలించి, చేతిలో మీటలు నొక్కుతూ వీడియో గేములు ఆడుకునే యంత్రాన్ని కన్సోల్ అంటారు. మనం దానిని ఆటపెట్టె అందాము. జపానులోని సెగా అనే కంపెనీ 1998 నవంబరు 27వ తేదీన "డ్రీమ్‌కాస్ట్" అనే ఆటపెట్టెను తమ దేశంలో విడుదల చేసింది. అమెరికాలో అది 1999వ సంవత్సరం 9వ నెల 9వ తేదీన వచ్చింది. అన్నీ తొమ్మిదులే! వెల 199 డాలర్లు. అక్కడ మొదటి రోజుననే 2 లక్షలకు పైగా పెట్టెలు అమ్ముడుపోయాయి.

అది నిజంగా మంచి పెట్టె. అందులో బొమ్మలు అప్పటికి బజారులో ఉన్న ఆటపెట్టెలన్నిటికంటే స్పష్టంగా కనిపించేవి. టెలిఫోను తీగ తగిలిస్తే ఎక్కడో దూరాన ఉన్నవారితో కూడా ఆడుకోవచ్చు. ఆట ఎంతవరకు వచ్చిందో గుర్తుంచుకునే చిన్న కార్డుకు దాని సొంత బుల్లి తెర కూడా ఉండేది.

ఇంత ఆర్భాటంగా వచ్చిన పెట్టెను ఇక తయారుచేయబోమని సెగా కంపెనీ 2001 జనవరి 31న ప్రకటించింది. ప్రపంచమంతటా కలిపి అమ్ముడైనవి 90 లక్షల పైచిలుకు మాత్రమే. దాని పోటీదారు, సోనీ కంపెనీవారి ప్లేస్టేషన్ 2, తన జీవితకాలంలో 15 కోట్లకు పైగా అమ్ముడయింది. అంటే ఈ పెట్టె ఒకటికి ఆ పెట్టెలు పదహారుకు పైమాటే!

దీనికి కారణం తెలియాలంటే, ముందుగా ఈ వ్యాపారంలోని కీలకం తెలుసుకోవాలి. ఆటపెట్టె అమ్మితే కంపెనీకి మిగిలేది చాలా కొద్ది. ఒక్కొక్కప్పుడు నష్టానికే అమ్ముతారు. లాభమంతా ఆటలలో ఉన్నది. ఒక పెట్టె కొన్నవారు దానికి తగిన ఆటలను ఏళ్ళ తరబడి కొంటూనే ఉంటారు. ఆ ఆటలను ఎవరు తయారుచేసినా, ప్రతి ఆటమీద పెట్టె కంపెనీకి కొంత రుసుము ముట్టుతుంది. కనుక పెట్టెకు మంచి ఆటలు కావాలి. ఆటలు రావాలంటే వాటిని తయారుచేసే ఇతర కంపెనీలు ముందుకు రావాలి.

ఊళ్ళో సంతను తలచుకోండి. కొనేవాళ్ళు ఎక్కువగా వచ్చే సంతకే అమ్మేవాళ్ళు బండ్లు కట్టుకొని వెళతారు. అమ్మేవాళ్ళు ఎక్కువగా ఉన్న సంతకే కొనేవాళ్ళు పోతారు. పక్క ఊరి సంతలో ఎంత చక్కని పందిళ్ళు వేసినా, వచ్చేవారం ఆ సంత సాగదేమోనని జనానికి అనుమానం కలిగిందా, ఇక ఎవ్వరూ అటు పోరు. ఆటపెట్టె కూడా అటువంటి సంతే. దానికి పందిళ్ళకంటే నమ్మకం ముఖ్యం.

సెగా కంపెనీ ఈ నమ్మకాన్నే పోగొట్టుకున్నది. అది డ్రీమ్‌కాస్ట్ పుట్టకముందు జరిగిన సంగతి.

సెగావారు 1988లో మెగాడ్రైవ్ అనే ఆటపెట్టెను తెచ్చారు. అమెరికాలో దాని పేరు జెనిసిస్. 1991లో సోనిక్ అనే నీలిరంగు ముళ్ళపంది ఆట వచ్చింది. చిటికెలో మాయమయ్యేటంత వేగంగా పరుగెత్తే ఆ ముళ్ళపంది అంటే పిల్లలకు ఎంతో ఇష్టం. సెగా పేరు ఇంటింటా మారుమోగింది.

అప్పుడు తొందరపాటు మొదలయింది. 1994 నవంబరులో, పాత పెట్టెకు తగిలించుకుంటే దాని శక్తి పెరుగుతుందని చెప్పి, 32 ఎక్స్ అనే పరికరాన్ని అమెరికాలో 159 డాలర్లకు అమ్మారు. సరిగ్గా అదే నెలలో జపానులో సాటర్న్ అనే సరికొత్త పెట్టెను కూడా విడుదల చేశారు! ఇక 32 ఎక్స్‌కు ఆటలు తయారుచేసేది ఎవరు? రెండేళ్ళు తిరగకుండానే అది మూలపడింది. దాన్ని కొన్న కుటుంబాలవారు ఏమనుకొని ఉంటారో మీరే ఊహించండి.

తరువాత సాటర్న్ వంతు. అది అమెరికాలో 1995 సెప్టెంబరులో వస్తుందని మొదట చెప్పారు. కాని మే నెల 11వ తేదీన ఒక ప్రదర్శనలో, "ఈవేళనుంచే అమ్ముతున్నాము, వెల 399 డాలర్లు" అని హఠాత్తుగా ప్రకటించారు. పోటీదారుకంటే ముందుండాలని వారి ఆలోచన. కాని సరుకు కొన్ని దుకాణాలకే అందింది. అందనివారికి కోపం వచ్చింది. ఆటలు తయారుచేసేవారు సెప్టెంబరు గడువు పెట్టుకొని పనిచేస్తున్నారు. కనుక పెట్టె వచ్చేనాటికి ఆటలు నాలుగైదుకు మించి పెద్దగా లేవు. ఆ ప్రదర్శనలోనే సోనీవారు తమ మొదటి ప్లేస్టేషన్ వెల 299 డాలర్లని చెప్పారు. నూరు డాలర్ల తేడా! చివరకు సాటర్న్ పెట్టెలు కోటి కూడా అమ్ముడుపోలేదు. ప్లేస్టేషన్ 10 కోట్లు దాటింది.

తెనాలి రామకృష్ణుని పిల్లి సంగతి మీరందరూ వినే ఉంటారు. మొదటిరోజున సలసల కాగే పాలు పోస్తే దాని నోరు కాలింది. ఆ తరువాత చల్లని పాలు చూపించినా అది పారిపోయేది. పాలలో లోపం ఏమీ లేదు. లోపమంతా మొదటిరోజు పోసిన పాలలో ఉన్నది. డ్రీమ్‌కాస్ట్ చల్లని పాల వంటిది. కాని 32 ఎక్స్ కొన్నవారు, సాటర్న్ కొన్నవారు ఒకటికి రెండుసార్లు నోరు కాల్చుకొని ఉన్నారు. "దీన్నికూడా నడుమ వదిలేస్తే మన డబ్బు ఏమి కాను?" అని వెనకాడారు.

ఆటలు తయారుచేసేవారూ అలాగే వెనకాడారు. క్రీడల ఆటలకు పేరుపొందిన ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ అనే పెద్ద కంపెనీ డ్రీమ్‌కాస్ట్‌కు ఒక్క ఆట కూడా చేయలేదు. సెగావారే క్రీడల ఆటలు సొంతంగా చేసుకోవలసివచ్చింది. అవి బాగానే ఉన్నాయి. కాని బరువంతా ఒక్క భుజంమీదనే పడింది.

సోనీ ఊరకే కూర్చోలేదు. డ్రీమ్‌కాస్ట్ అమెరికాకు రాకముందే, 1999 మార్చిలో, తమ కొత్త పెట్టె రాబోతున్నదని ప్రకటించింది. ప్లేస్టేషన్ 2 జపానులో 2000 మార్చి 4న, అమెరికాలో అదే సంవత్సరం అక్టోబరు 26న వచ్చింది. వెల 299 డాలర్లు. డ్రీమ్‌కాస్ట్‌కంటే ఎంతో ఎక్కువ. అయినా జనం దానికోసమే కాచుకొని ఉన్నారు. అందులో డీవీడీ సినిమాలు కూడా చూడవచ్చు. పాత ప్లేస్టేషన్ ఆటలు చాలామటుకు దానిలోనూ ఆడతాయి. అంటే ఇంట్లో ఉన్న పాత ఆటలు వృథా కావన్నమాట. సెగా తన పాత కొనుగోలుదారులను దారిలో వదిలింది. సోనీ తనవారిని వెంట తీసుకువెళ్ళింది. ఈ రెంటికీ ఎంత తేడా ఉన్నదో చూడండి!

ఇవి చాలవన్నట్లు, డ్రీమ్‌కాస్ట్ ఆటలను మామూలు సీడీలమీద దొంగతనంగా నకలు తీసే ఉపాయం 2000లో బయటపడింది. ఆటలమీదనే లాభం అని చెప్పుకున్నాము కదా, ఆ లాభానికి గండి పడింది. జనాన్ని ఆకర్షించటానికి పెట్టె వెలను 149 డాలర్లకు తగ్గించారు. ఆ తగ్గింపు నష్టాన్ని ఇంకా పెంచింది. అప్పటికే సాటర్న్ దెబ్బతో సెగా ధనాగారం చిక్కిపోయి ఉన్నది. కంపెనీ అధ్యక్షుడు ఇసావో ఒకావా కోట్ల డాలర్ల విలువచేసే తన సొంత వాటాలను సంస్థకు దానంగా ఇచ్చివేశాడు. పెట్టె మానేస్తున్నట్లు ప్రకటించిన రెండు నెలలలోపలనే, 2001 మార్చిలో, ఆయన మరణించాడు.

సెగా కంపెనీ మాత్రం మూతపడలేదు. పెట్టెలు మాని, ఇతరుల పెట్టెలకు ఆటలు తయారుచేయసాగింది. 2001 డిసెంబరులో సోనిక్ ముళ్ళపంది తన పాత పోటీదారైన నింటెండో పెట్టెలమీద పరుగెత్తింది!

అయితే, ఒకసారి దెబ్బతిన్నవారు మళ్ళీ లేవలేరా అని మీరు అడగవచ్చు. లేవగలరు. ఆ నింటెండోవారే 2012లో వీ యూ అనే పెట్టెను తెచ్చారు. వారి పాత పెట్టె పేరు వీ. పేర్లు దగ్గరగా ఉండటంచేత, ఇది కొత్త పెట్టో, పాతదానికి తగిలించే పరికరమో చాలామందికి అర్థం కాలేదు. అది కోటీ 35 లక్షలు మాత్రమే అమ్ముడయింది. కాని వారివద్ద నిలవ ధనం ఉన్నది. మారియోవంటి సొంత ఆటలున్నాయి. ఓర్పుతో ఆలోచించి 2017లో స్విచ్ అనే పెట్టెను తెచ్చారు. అది 15 కోట్లు దాటింది. ఒక దెబ్బను వారు ఓర్చుకోగలిగారు. సెగా మాత్రం వెంట వెంటనే రెండు దెబ్బలు తిని, మూడవ పందెంలో దిగింది.

ఈసారి మీ నాన్నగారితో బజారుకు వెళ్ళినప్పుడు ఒక సంగతి గమనించండి. రెండు దుకాణాలలో ఒకే సరుకు ఉన్నా, మీ ఇంట్లోవారు ఎప్పుడూ ఒకే దుకాణానికి ఎందుకు పోతారు? ఆ దుకాణదారు ఇదివరకు చెప్పినమాట ఎలా నిలబెట్టుకున్నాడో అడిగి తెలుసుకోండి. డ్రీమ్‌కాస్ట్ ఎందుకు ఓడిపోయిందో మీకు ఇంకా బాగా బోధపడుతుంది.