పట్టపరీక్షకు జేరు విద్యార్థులు సామాన్యవిషయముల నేరుకొనుట

ఇంటర్మీడియేటు ఫలితములు వెలువడిన వారమున మా పాఠశాల వరండాలోని బల్లలు ఖాళీగా నుండవు. ఇచ్చట పదవ తరగతి ముగించి, రెండేండ్లు వేరుచోట చదివిన పిల్లలు తండ్రులనో మేనమామలనో వెంటబెట్టుకొని మమ్ము జూడవత్తురు. కరీంనగరముననే చదువవలెనా, హైదరాబాదునకు బోవలెనా, బి.యస్సీ. మేలా, బి.కాం. మేలా అని యడుగుదురు. మాకు తోచినది మేము చెప్పుదుము. పిమ్మట సెలవు గైకొని లేచి, గడపయొద్ద నిలిచి, మరచిన మాట యేదో జ్ఞప్తికి వచ్చినట్లు, "సారూ, రెండో భాష ఏది పెట్టమంటరు? దేనికి మార్కులు మంచిగ పడుతయి?" అని యొక ప్రశ్న వేయుదురు.

ఈ గడపయొద్ది ప్రశ్ననుగూర్చియే మేము వ్రాయదలచితిమి. ఏలయన, ప్రధానవిషయముల యెన్నిక చాలవరకు ముందే జరిగిపోయియుండును. ఇంటర్మీడియేటులో గణిత, భౌతిక, రసాయనశాస్త్రములు చదివినవాడు ఆ దారినే పోవును. జీవశాస్త్రము చదివినవాడు తన దారిని బోవును. పదునారవయేట ఇంటివారు చేసిన నిర్ణయమే పదునెనిమిదవయేట వానిని నడిపించును. విద్యార్థి తన బుద్ధితో దాను ఏరుకొనుటకు మిగిలినవి చిన్నవిగా గనబడు ఈ సామాన్యవిషయములే. వానినే యందరును గడపకు విడిచిపెట్టుచున్నారు.

ఇవి యెట్టివో ముందుగా చెప్పవలయును. 2016వ సంవత్సరమున మన రాష్ట్రపు విశ్వవిద్యాలయములలో సెమిస్టరు పద్ధతియు, క్రెడిట్ల లెక్కయు పట్టపరీక్షల చదువునకు వచ్చినవి. ఆ యేర్పాటు ననుసరించి విద్యార్థి తన ప్రధానవిషయములతో బాటు ఆంగ్లమును, రెండవ భాష యొకదానిని, పరిసరశాస్త్రమును, కంప్యూటరు ప్రాథమికజ్ఞానమును, కొన్ని నైపుణ్యపాఠములను, తన శాఖకు వెలుపలి విషయ మొకదానిని చదువవలసివచ్చెను. వీనిలో గొన్ని విధిగా చదువవలసినవి, కొన్ని యేరుకొనవలసినవి. పూర్వపు కరీంనగరము జిల్లాలోని కళాశాలలు చాలవరకు శాతవాహన విశ్వవిద్యాలయమునకును, ఆదిలాబాదు జిల్లాలోనివి 1976లో వరంగల్లున నెలకొన్న కాకతీయ విశ్వవిద్యాలయమునకును అనుబంధములు. వివరములు తరచుగా మారుచుండును గనుక, అన్న చదివిననాటి పట్టికను తమ్ముడు నమ్మరాదు. చేరిన యేటి ప్రణాళికనే చూచుకొనవలయును. బాసరలో 2008లో నెలకొల్పబడిన సాంకేతిక విద్యాలయమున పదవ తరగతి పిమ్మట చేరి ఆరేండ్లు చదువువారి సంగతి వేరు. వారికి మొదటి రెండేండ్లలో ఏరుకొనవలసినది స్వల్పము.

సామాన్యవిషయములు నిన్న మొన్న పుట్టినవి కావు. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము స్థాపింపబడినప్పుడు పాఠములన్నియు ఉర్దూలో జరిగినను, ఆంగ్లము మాత్రము ప్రతివిద్యార్థియు చదువవలసియుండెను. మహమ్మదీయ విద్యార్థులకు మతశాస్త్రమును, తక్కినవారికి నీతిశాస్త్రమును అదనముగా నుండెను. ఇంట తెలుగు, తరగతిలో ఉర్దూ, పరీక్షకు ఆంగ్లము: మన జిల్లాలనుండి ఆ కాలమున చదువబోయినవారు మూడు భాషల బరువు మోసిరి. పిమ్మట 1948లో సర్వేపల్లి రాధాకృష్ణగారి యధ్యక్షతన నియమింపబడిన విశ్వవిద్యాలయ విద్యాసంఘము మరుసటి యేట తన నివేదికను సమర్పించి, సామాన్యవిద్యను ఆలస్యము చేయక ప్రవేశపెట్టవలెనని కోరెను. విద్యార్థి చిన్ననాటనే యొక మూలకు నెట్టబడి, తక్కిన లోకమును గుర్తెరుగని పండితుడగుట వారికి నచ్చలేదు. అమెరికాలో హార్వర్డు విశ్వవిద్యాలయమువారు 1945లోనే ఈ విషయముపై నొక గ్రంథమును వెలువరించిరి. యుద్ధము ముగిసిన యా దినములలో, ఒక్క శాస్త్రమునందే యారితేరినవారు లోకమును ఏ దారి పట్టింతురో యను భయము పలుదేశముల విద్యావేత్తలకు గలిగియుండెను.

పరిసరశాస్త్రము పుట్టుక మరియు వింతయైనది. అది విద్యావేత్తల సభలో గాక న్యాయస్థానమున పుట్టినది. ఎం. సి. మెహతా యను న్యాయవాది తెచ్చిన వ్యాజ్యెములో 1991వ సంవత్సరమున భారత సర్వోన్నత న్యాయస్థానము, పాఠశాలలలోను కళాశాలలలోను పరిసరములనుగూర్చిన పాఠము విధిగా నుండవలెనని చెప్పెను. ఈ పాఠమును మన పిల్లలు "ఎట్లయిన పాసగుదుము" అని పరీక్షకు రెండు దినములు ముందు చదువుదురు. రామగుండము, మంచిర్యాల, బెల్లంపల్లి ప్రాంతముల పిల్లలకన్న ఈ పాఠ మెవరికి దగ్గర? బొగ్గుగని, విద్యుత్కేంద్రము, గోదావరి, ఈ మూడింటి నడుమ పెరిగినవారు పుస్తకము మూసి కిటికీలోనుండి చూచినను సగము పాఠము తెలియును. మిగిలిన సగమునకే పుస్తకము కావలెను.

ఇక రెండవ భాష. పిల్లలలో బలముగా వ్యాపించిన వాడుక యొకటి కలదు. సంస్కృతము పెట్టినచో మార్కులు ధారాళముగా వచ్చునని, ఇంటర్మీడియేటులోనే తెలుగును విడిచి దానిని పట్టుకొందురు. సంస్కృతమును మేము నిందింపము. దానిని నిజముగా చదువువాడు ధన్యుడు. కాని మేమెరిగిన పిల్లలలో అనేకులు దేవనాగరాక్షరములు గుర్తింపజాలక, నాలుగైదు జవాబులను తెలుగులిపిలో కంఠస్థము చేసి, అట్లే వ్రాసి, నూటికి తొంబదియైదు తెచ్చుకొన్నవారు. అట్టివారికి ఆ భాషయు రాలేదు, పదవ తరగతితో విడిచిన తెలుగును నిలువలేదు. పట్టపరీక్షకు వచ్చునప్పటికి వారు తమ యూరి సర్పంచునకు నాలుగు పంక్తుల యర్జీ తప్పులేకుండ వ్రాయలేకున్నారు. మే మతిశయోక్తి చెప్పుటలేదు. మా బల్లమీద వ్రాయించి చూచితిమి.

మేమును ఆ వయస్సున తెలివిగలవారము కాము. కళాశాలలో చేరిననాడు గుమాస్తా తలయెత్తక "రెండవ భాష?" అని యడుగగా, మాకు ముందు వరుసలో నిలిచినవాడు చెప్పినదానినే చెప్పితిమి. అతడెవరో మేమెరుగము. ఆ యపరిచితుని నోటిమాట మా మూడేండ్ల చదువును నిర్ణయించినది.

భాషనుగూర్చి చెప్పునప్పుడు మన ప్రాంతమువా రిద్దరు జ్ఞప్తికి వత్తురు. అప్పటి కరీంనగరము జిల్లా వంగర గ్రామమున పెరిగిన పి. వి. నరసింహారావుగారు మొదటివారు. 1938లో వందేమాతర గీతము పాడినందులకు ఉస్మానియావారు బహిష్కరించిన విద్యార్థులలో వారొకరు. నాగపురము విశ్వవిద్యాలయ మా విద్యార్థులను చేర్చుకొనెను. వారు పుణె ఫెర్గూసన్ కళాశాలలో విజ్ఞానశాస్త్రమును, నాగపురమున న్యాయశాస్త్రమును చదివిరి. పట్టము విజ్ఞానశాస్త్రమున గలిగినవారు విశ్వనాథ సత్యనారాయణగారి 'వేయిపడగలు' నవలను హిందీలోనికి, హరి నారాయణ ఆప్టేగారి మరాఠీ నవలను తెలుగులోనికి మార్చిరి. నడివయస్సు దాటినపిమ్మట కంప్యూటరుతో పనిచేయుటయు నేర్చిరి. 1991 మొదలు 1996 వరకు ప్రధానమంత్రిగా నున్న కాలమున దేశపు ఏ మూలకు బోయినను వారికి భాష యడ్డము రాలేదని చెప్పుకొందురు. రెండవవారు సిరిసిల్ల ప్రాంతమున హనుమాజీపేటలో 1931లో జన్మించిన సి. నారాయణరెడ్డిగారు. చిన్ననాటి చదువంతయు ఉర్దూలో సాగినది. ఐనను తెలుగును విడువక, ఉస్మానియాలో తెలుగున ఎం.ఏ. చేసి, ఆధునిక కవిత్వముపై పరిశోధించి 1962లో డాక్టరుపట్టమును, 1988లో 'విశ్వంభర' కావ్యమునకు జ్ఞానపీఠమును పొందిరి. మార్కుల లెక్క చూచుకొనియుండినచో వా రిరువురును వేరుదారి పట్టియుందురు.

ఆదిలాబాదు అడవిప్రాంతములనుండి వచ్చు పిల్లలకు ఈ ప్రశ్న మరింత బరువైనది. గోండు బాలుడు ఇంట గోండి మాటలాడును; సంతలో తెలుగు, మరాఠీ, ఉర్దూ వినును; పుస్తకములలో ఆంగ్లమును చూచును. 1943 ప్రాంతమున హైమెన్‌డార్ఫు పండితుడు మార్లవాయి గ్రామమున గోండు ఉపాధ్యాయులకు శిక్షణ యిప్పించి, గోండి వాచకములను సిద్ధపరపించెను. తన భాషలో మొదటి అక్షరము నేర్చినవాడు ఇతరభాషలను సుఖముగా నేర్చునని యా ప్రయత్నమునకు మూలము. ఆ పిల్లలు కళాశాలలో చేరునప్పుడు, "హిందీ తేలిక, అదే పెట్టు" అని పట్టణపు స్నేహితుడు చెప్పుమాట వినుటకు ముందు, తాము ఏ భాషలో నిర్భయముగా నొక పుట వ్రాయగలరో, తమ యూరిలో ఉపాధ్యాయులో గుమాస్తాలో కాగోరినచో ఏ భాష కావలసియుండునో చూచుకొనవలయును. ఉపాధ్యాయ అర్హతపరీక్షలో మొదటి భాషకు ప్రత్యేకభాగము కలదు. కొన్ని భాషలలో ఎం.ఏ. చదువగోరువారు పట్టపరీక్షలో ఆ భాషను చదివియుండవలెనను నిబంధనయు పెక్కుచోట్ల కలదు. గడపయొద్ద తేలికగా నన్న మాట మూడేండ్ల పిమ్మట తలుపు మూసినదని తెలియువేళకు దిద్దుకొను వీలుండదు.

శాఖకు వెలుపలి విషయమును ఏరుకొనుటకు మేమొక కొలతను వాడుచున్నాము. గురువు లేక మీకు మీరే నేర్చుకొనగల దానిని కళాశాలలో నేరుకొనకుడు. ఒంటరిగా నేర్వజాలని దానినే యేరుకొనుడు. మా పూర్వవిద్యార్థిని యొకతె, బొగ్గుగని కార్మికుని కూతురు, రసాయనశాస్త్రము నందు మిక్కిలి ఆసక్తిగలది, ఈ ప్రశ్నతో వచ్చెను. స్నేహితురాండ్రందరును చరిత్రకు సంబంధించిన విషయ మొకటి పెట్టుచున్నారట; అందులకు మంచి గైడు దొరకునట. ఆమెకు చరిత్రయనిన ప్రీతియే. మా గ్రంథాలయమునుండి తీసికొనిపోయి చదువుచునేయుండెను. మేము, "చరిత్ర నీ యింటికే వచ్చుచున్నదిగదా, లెక్కలు చూచి భయపడెదవు, గణాంకశాస్త్రము నీకు నీవే నేర్తువా?" అని యడిగితిమి. ఆమె కొంతసేపు మాటలాడలేదు. తుదకు గణాంకశాస్త్రమే పెట్టెను. మార్కులు తక్కువ వచ్చినవి. ఆ సంగతి తండ్రి మాతో కొంత నిష్ఠూరముగానే చెప్పెను. కాని యామె యిప్పుడొక ప్రయోగశాలలో పనిచేయుచు, నిత్యమును వాడునది తాను భయపడిన ఆ లెక్కలనే.

మరియొక సంగతి చెప్పకతీరదు. పట్టికలో పేరున్న విషయమునకెల్ల పాఠము చెప్పువా రుందురని తలంపరాదు. కొన్నిచోట్ల పేరు పట్టికలోను, పరీక్ష విశ్వవిద్యాలయములోను ఉండును. నడుమ నుండవలసిన అధ్యాపకుడు మాత్ర ముండడు. అందుచేత చేరుటకు ముందు పై తరగతి విద్యార్థుల నిద్దరిని ముగ్గురిని కలిసికొని, ఆ పాఠము నిజముగా జరుగుచున్నదా, ఏ గంటలో జరుగుచున్నదని యడుగవలయును. గంట మాట యెందుకనగా, ఆసిఫాబాదువైపు పల్లెలకు బోవు బస్సు తప్పినచో మరల రాత్రికే. రోజు చివరిగంటలో నుండు పాఠమును బస్సుమీద వచ్చు పిల్ల ఏరుకొన్నచో, ఆమె ఏరుకొన్నది ఆ పాఠముగాదు, హాజరు తక్కువయన్న హెచ్చరికయే.

తలిదండ్రులతో నొక మాట. మార్కులయందు మీ కుండు భయమును మేమెరుగుదుము. ఫీజు కట్టువారికి ఆ భయము న్యాయమే. కాని 2019లో మన విశ్వవిద్యాలయములన్నింటి పై చదువులకు కలిపి యొకే ప్రవేశపరీక్ష యేర్పడినది. అందు సీటు వచ్చుట ఆ పరీక్షలోని ర్యాంకును బట్టి గాని, రెండవ భాషలో వచ్చిన తొంబదియైదును బట్టి కాదు. దరఖాస్తును కంప్యూటరు దుకాణమువానిచే నింపించునప్పుడు కూడ ప్రక్కన కూర్చుండుడు. వాడు వేగముగా నొత్తును. మీ పిల్లవాడు మొగమాటముచేత ఊరకుండును.

భాషను గాని ఏరుకొన్న విషయమును గాని మార్చుకొనుటకు చాల కళాశాలలు తరగతులు మొదలైన కొలదిదినములే గడువిచ్చును. ఆ గడువు ఎన్ని దినములో చేరినరోజుననే కార్యాలయమున నడిగి వ్రాసికొనుడు. ఈ వేసవియందును మేము వరండాలో బల్లలు వేయించెదము. వచ్చునప్పుడు చేరదలచిన కళాశాల ప్రణాళికను, మీ యూరి బస్సు వేళలను వెంట దెండు. రెండవ భాష ప్రశ్నను గడపయొద్దకు మిగుల్పక, కూర్చున్న వెంటనే అడుగుడు.