నలుగురిలో పెట్టిన రాత

రాయడం ఒంటరిగా చేసే పనే. రాటుదేలాలంటే మాత్రం పక్కన మనుషులు కావాలి. గురజాడ నుంచి కారా మాస్టారి దాకా ఉత్తరాంధ్ర సాహిత్య చరిత్ర అదే చెబుతుంది.

తెలుగులో రాసేవాళ్లకు ఇవాళ కొదవ లేదు. చేతిలో ఫోను ఉంది, అందులో తెలుగు కీబోర్డు ఉంది. రాత్రి భోజనాలయ్యాక ఓ పేజీ రాసి ఫేస్‌బుక్‌లో పెడితే తెల్లారేసరికి లైకులు వచ్చి పడతాయి. ‘సూపర్’, ‘అద్భుతం’, చేతులు జోడించిన బొమ్మలు. రాసినవాళ్లకు సంతోషంగా ఉంటుంది, ఉండాలి కూడా. కానీ ఏడాది తర్వాత అదే మనిషి మొదటి పేజీనీ, నిన్నటి పేజీనీ పక్కపక్కన పెట్టి చదివితే చాలాసార్లు తేడా కనిపించదు. అవే పోలికలు, అవే ముగింపులు, అదే కన్నీరు. ప్రతిభ లేక కాదు. మెచ్చుకున్నవాళ్లు అంతమంది ఉన్నా, ‘రెండో పేరాలో ఆ ముసలాయన ఎందుకొచ్చాడు, మళ్లీ ఎందుకు కనిపించలేదు?’ అని అడిగిన మనిషి ఒక్కరూ లేక.

ఆ ప్రశ్న సాటి రచయిత నోటి నుంచి వస్తుంది. సాయంత్రాలు కలిసి కూర్చునే స్నేహితుల దగ్గర, నెలకోసారి గ్రంథాలయంలో కథలు చదువుకునే బృందంలో, ఊళ్లు వేరైనా ఉత్తరాలు మానని ఇద్దరి మధ్య పుడుతుంది. అది మనకు దక్కాలంటే ముందు అవతలివాళ్ల రాతను మనం అంతే శ్రద్ధగా చదివి ఉండాలి. తన కవిత వినిపించేసి, పక్కవాళ్ల కవిత మొదలయ్యేసరికి చెప్పుల కోసం వెతుక్కునేవాళ్లకు ఆ భాగ్యం లేదు.

విజయనగరం, పర్లాకిమిడి

గురజాడ అప్పారావు పుట్టింది 1862లో, గిడుగు రామమూర్తి 1863లో. విజయనగరంలో కలిసి చదువుకున్నారు. తర్వాత గిడుగు పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా స్థిరపడ్డారు. గురజాడ విజయనగరంలో కళాశాల ఉద్యోగంలో, ఆ తర్వాత సంస్థానం కొలువులో ఉన్నారు. ఊళ్లు వేరైనా మాట తెగలేదు. సవరల భాష నేర్చుకునే పనిలో గిడుగుకు మనుషుల నోట పలికే భాష విలువ తెలిసింది. నాటకం రాసే పనిలో గురజాడకు, గ్రాంథికంలో మాట్లాడిస్తే పాత్రలు బతకవని తెలిసింది. చెరో దారిన బయల్దేరి ఒకే చోటికి చేరారు.

గురజాడ నాటకం కన్యాశుల్కాన్ని విజయనగరంలో మొదటిసారి 1892లో ఆడారు. 1897లో అచ్చయింది. పేరొచ్చింది. చాలామంది అక్కడితో తృప్తిపడి ఆ పేరు మీదే బతికేస్తారు. గురజాడ మళ్లీ మొదటినుంచీ రాయడానికి కూర్చున్నారు. 1909లో వచ్చిన రెండో కూర్పు ఇంచుమించు వేరే నాటకం. నిడివి ఎంతో పెరిగింది, మధురవాణి నాటకానికి ప్రాణమైంది. ఇవాళ మనం చదివేదీ, గిరీశం మాటల్ని సమయానికి తగ్గట్టు వాడుకునేదీ ఆ రెండో కూర్పులోంచే. అంత పెద్ద మార్పు వెనక గురజాడ మేధ ఉంది, సందేహం లేదు. అయితే ఆ ఏళ్లలోనే ఆయన చుట్టూ ఒక చర్చ రాజుకుంది.

1906-07 ప్రాంతంలో జె.ఎ. యేట్స్ అనే ఇంగ్లీషు దొర ఆ ప్రాంతపు బడుల ఇన్‌స్పెక్టరుగా వచ్చాడు. తెలుగు నేర్చుకుందామనుకున్నాడు. చూస్తే పుస్తకంలో ఒక భాష, వీధిలో ఇంకో భాష. బడిలో పిల్లలకు వాళ్లు మాట్లాడని భాష ఎందుకు నేర్పుతున్నారని అడిగాడు. మన పండితులకు ఎన్నడూ తోచని ప్రశ్న అది, ఎందుకంటే వాళ్లు ఆ భాష మధ్యే పుట్టి పెరిగారు. జవాబు వెతుక్కుంటూ యేట్స్ గురజాడనూ గిడుగునూ కలిశాడు. విశాఖపట్నం ఏవీఎన్ కళాశాల ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగార్ తోడయ్యారు. ఒక దొర, ఒక తమిళుడు, ఇద్దరు తెలుగువాళ్లు. వ్యావహారిక భాషోద్యమం ఈ నలుగురి కలయికతో నిలదొక్కుకుంది. 1914లో వాడుక భాష తరఫున మద్రాసు విశ్వవిద్యాలయానికి గురజాడ ఇచ్చిన అసమ్మతి పత్రం ఆ చర్చల్లో పదునెక్కిన వాదనే. మీరిప్పుడు చదువుతున్న ఈ తెలుగు ఆ నలుగురి మాటామంతీ పెట్టిన భిక్ష.

రాసేవాళ్ల బృందంలో మనకన్నా వేరైనవాళ్లు ఎందుకుండాలో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు. ఒకే కులం, ఒకే ఉద్యోగం, ఒకే అభిప్రాయం ఉన్న పదిమంది కూర్చుంటే ఒకరి తప్పు ఇంకొకరికి కనిపించదు. తెలియని మనిషి అమాయకంగా అడిగినదే ఒక్కోసారి తెలిసినవాళ్లందరినీ కదిలిస్తుంది.

రోణంకి ఇచ్చిన కిటికీ

1928లో శ్రీశ్రీకి పద్దెనిమిదేళ్లు. ఆ ఏడాది ఆయన తొలి పుస్తకం ‘ప్రభవ’ వచ్చింది. వేసింది విశాఖలోని కవితా సమితి. అందులోని కవిత్వం పాత బాణీదే. ‘మహాప్రస్థానం’ రాసిన చేయి అదేనంటే నమ్మడం కష్టం. అయినా ఒక కుర్రవాడి పద్యాలు అచ్చువేసే సంఘం ఒకటి ఆ ఊళ్లో ఉండడం చిన్న సంగతి కాదు. నేర్చుకునే దశలో రాసినదాన్ని కూడా నలుగురు చేతుల్లోకి తీసుకున్నప్పుడే, రాసేవాడు దాన్ని దాటి ముందుకు పోగలుగుతాడు.

ముందుకు పోవడానికి ఇంకొకరు సాయపడ్డారు. విజయనగరం మహారాజా కళాశాలలో ఇంగ్లీషు బోధించిన రోణంకి అప్పలస్వామి అనేక ఐరోపా భాషలు తెలిసిన మనిషి. అక్కడి కొత్త కవిత్వం, కొత్త ధోరణులు ఆయన ద్వారా విజయనగరం మిత్రులకు చేరాయి. శ్రీశ్రీ, శ్రీరంగం నారాయణబాబు, కథకుడు చాసో, వాళ్లకన్నా చిన్నవాడైన ఆరుద్ర ఆ గాలి పీల్చినవాళ్లే. వాళ్ల పేర్లు పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కాయి. రోణంకి పేరు ఇవాళ ఎంతమందికి తెలుసు? తాను చదివినదాన్ని దాచుకోకుండా పంచినవాళ్లకు సాహిత్య చరిత్రలో రావలసినంత చోటు రాలేదు. ఈ అన్యాయం సరిదిద్దుకోవలసిందే.

‘మహాప్రస్థానం’ పుస్తకమే ఒక స్నేహ బృందపు ఆనవాలు. దాన్ని శ్రీశ్రీ అంకితమిచ్చింది 1937లో చిన్న వయసులో చనిపోయిన కవి మిత్రుడు కొంపెల్ల జనార్దనరావుకి. ముందుమాట ‘యోగ్యతాపత్రం’ రాసింది చలం. ఆ ముందుమాట 1940 నాటిది, పుస్తకం వచ్చింది 1950లో. అచ్చు కాని కవితల కట్టకు పదేళ్ల ముందే ఒక పెద్ద రచయిత ఊపిరంతా పెట్టి ముందుమాట రాశాడు. పుస్తకం లేకపోయినా పాఠకుడు ఉన్నాడు. రాసేవాడికి అంతకన్నా కావలసిందేముంది?

మాస్టారి ఇల్లు

కాళీపట్నం రామారావు విశాఖపట్నంలో బడిపంతులు. అందరికీ కారా మాస్టారు. ‘యజ్ఞం’ కథ వచ్చినప్పుడు తెలుగు కథా లోకం రెండుగా చీలి వాదించుకుంది. తరతరాల అప్పు కింద నలిగిన కుటుంబం, సుందరపాలెంలో తగవు, చివర తండ్రే కన్నకొడుకును నరికేయడం. ఆ ముగింపు సబబా కాదా, రచయిత ఏ పక్షాన ఉన్నాడు అని ఏళ్ల తరబడి చర్చ నడిచింది. మెచ్చినవాళ్లూ తిట్టినవాళ్లూ కథను వాక్యం వాక్యం చదివే మాట్లాడారు. ఒక కథకు అంతకన్నా గౌరవం లేదు. 1995లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. కారా వంటి రచయితకు అది ఆలస్యంగా వచ్చిన లాంఛనమే.

నా దృష్టిలో ఆయన చేసిన ఇంకా పెద్ద పని వేరే ఉంది. తాను రాసిన కథలు కొన్నే. ఇతరుల కథల కోసం పెట్టిన కాలానికి మాత్రం లెక్క లేదు. కొత్తగా రాస్తున్నవాళ్ల కథలు చదివేవారు, ఉత్తరాలు రాసేవారు, ఇంటికొస్తే కూర్చోబెట్టి మాట్లాడేవారు. కథ ఎలా కుదురుతుందో, ఎక్కడ చెడుతుందో ‘కథా కథనం’ పుస్తకంలో విడమరిచి చెప్పారు. ఉత్తరాంధ్ర నుంచి తరం తర్వాత తరం బలమైన కథకులు వచ్చారంటే ఆ నేల కష్టాలు ఒక కారణం, ఆ కష్టాలను కథగా మలచడమెలాగో మాట్లాడుకునే ఇళ్లు ఉండడం ఇంకో కారణం.

1997 ఫిబ్రవరి 22న శ్రీకాకుళంలో ఆయన కథానిలయం తెరిచారు. పురస్కారాల డబ్బు దానికే పెట్టారు. అచ్చయిన ప్రతి తెలుగు కథనూ ఒకచోట చేర్చాలన్నది సంకల్పం. తన విగ్రహం పెట్టించుకోగల మనిషి, ఇతరుల కథలకు ఇల్లు కట్టారు. 2021లో కన్నుమూసేదాకా ఆయన ధ్యాస కథ మీదే.

జైల్లోనూ ఒక శ్రోత

ఉత్తరాంధ్ర కబుర్లలో పడి తెలంగాణను మరిస్తే తప్పు. నిజాం సర్కారు దాశరథి కృష్ణమాచార్యను నిజామాబాద్ జైల్లో పెట్టింది. కాగితం లేదు. బొగ్గుతో గోడ మీద పద్యాలు రాశారు. పక్కన వట్టికోట ఆళ్వారుస్వామి ఉన్నారు, పుస్తకాల గంప నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగి అమ్మిన మనిషి, దేశోద్ధారక గ్రంథమాల స్థాపకుడు. వినేవాడు అలాంటివాడైతే గోడ కూడా పత్రికే. 1949లో ‘అగ్నిధార’ వచ్చినప్పుడు దాశరథి దాన్ని ఆళ్వారుస్వామికే అంకితమిచ్చారు. 1951లో తెలంగాణ రచయితల సంఘం ఏర్పడితే దానికి తొలి అధ్యక్షుడూ దాశరథే.

ఆడవాళ్ల సంగతి వేరు. అరుగుల మీదా హోటళ్లలోనూ సాగిన ఈ సాహిత్య కాలక్షేపాల్లో వాళ్లకు కుర్చీ లేదు. అందుకని సొంతంగా ఏర్పాటు చేసుకున్నారు. భండారు అచ్చమాంబ 1902లోనే మచిలీపట్నంలో బృందావన స్త్రీల సమాజం పెట్టడానికి పూనుకున్నారు. ఊరూరా తిరిగి సమాజాలు పెట్టించారు. కథలూ రాశారు, ఆడవాళ్ల జీవిత చరిత్రలూ రాశారు. ముప్పై ఏళ్లు నిండి ఎంతో కాలం కాకుండానే 1905లో చనిపోయారు. ఇవాళ్టికీ చాలా ఊళ్లలో సాహిత్య సమావేశం రాత్రి ఎనిమిదింటికి మొదలవుతుంది. ఇంట్లో వంట చేసి, పిల్లల్ని పడుకోబెట్టవలసిన రచయిత్రి ఎలా వస్తుందన్న ఆలోచన నిర్వాహకులకు ఉండదు. వేళ మార్చితే సగం సమస్య తీరుతుంది.

శాలువాల సభలు కావు

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. మన ఊళ్లలో సాహిత్య సభలకు లోటేమీ లేదు. వేదిక మీద పదిమంది, కింద ఇరవైమంది, జ్యోతి ప్రజ్వలన, ఒకరినొకరు పొగుడుకోవడం, శాలువాలు, ఫొటోలు. పుస్తకం ఆవిష్కరించినవాళ్లలో దాన్ని చదివినవాళ్లు ఎందరు? రచయితకు ఈ సభల వల్ల నేర్చుకునేదేమీ ఉండదు. పైగా నష్టం, తన రాత బాగుందన్న భ్రమ గట్టిపడుతుంది. నేను చెబుతున్నది ఆరేడుగురు ఒక గదిలో కూర్చుని ఒక కథను ముందే చదివొచ్చి గంటసేపు దాని గురించే మాట్లాడుకోవడం. కథాసాహితి సంస్థ 1990 నుంచి ఏటా వేస్తున్న కథా సంకలనాలు చూడండి. ఏడాదంతా వచ్చిన కథల్ని ఓపిగ్గా చదివితే తప్ప అలాంటి పుస్తకం రాదు. సముద్రాలు దాటి వెళ్లిన తెలుగువాళ్లు కూడా ఇలాంటి చదువు వదల్లేదు. డిట్రాయిట్‌లో తెలుగు పుస్తకం చదివొచ్చి చర్చించుకునే బృందం దశాబ్దాలుగా ఉంది. 1998లో మొదలైన ‘ఈమాట’ పత్రిక, రచనను వేసుకునే ముందు పరిశీలకుల చేత చదివించి, సూచనలతో రచయితకు తిరిగి పంపే పద్ధతి పాటించింది. అది మొదట్లో కొందరికి కష్టంగా తోచవచ్చు. నిలబడి దిద్దుకున్నవాళ్లు బాగుపడ్డారు.

బృందంలో ఉంటే రాయడానికి విషయాలు కూడా దొరుకుతాయి. పక్కవాళ్లు దేనికి నొచ్చుకుంటున్నారో, ఏది అర్థంకాక మళ్లీ మళ్లీ అడుగుతున్నారో వింటే చాలు, వచ్చే నెల రాయవలసింది తెలిసిపోతుంది. మన పేరు పదిమందికి తెలియడం కూడా అక్కడే మొదలవుతుంది. నా పుస్తకం కొనండి అని తిరిగే రచయితను జనం తప్పించుకుంటారు. కొత్తవాళ్ల సందేహం తీర్చిన రచయిత పుస్తకం వస్తే వాళ్లే వెతుక్కుని కొంటారు.

విమర్శ అంటే భయం సహజం. మొదటిసారి నలుగురి ముందు మన కథ విప్పితే చేతులు వణుకుతాయి. ఆ భయం పోగొట్టవలసింది వినేవాళ్లు. ముందు కథలో ఏది నిలిచిందో చెప్పి, తర్వాత ఏది తేలిపోయిందో చెప్పాలి. మనిషిని వదిలి వాక్యం గురించి మాట్లాడాలి. చెప్పించుకునేవాళ్లు అప్పటికప్పుడు వాదనకు దిగకుండా రాసుకోవాలి. అన్నీ ఒప్పుకోనక్కర్లేదు. ముగ్గురు వేర్వేరుగా ఒకే చోట ఆగారంటే మాత్రం అక్కడ ఏదో ఉంది, తిరిగి చూడాలి.

మీ ఊళ్లో అలాంటి బృందం లేకపోతే మీరే మొదలుపెట్టండి. శాఖా గ్రంథాలయంలో ఓ గది అడగండి, ఆదివారం పొద్దున పదింటికి పెట్టండి, ఆడవాళ్లూ రాగలుగుతారు. రాసే అలవాటున్న నలుగురిని పిలవండి. అందులో ఒకరు మీ అభిప్రాయాలతో ఏకీభవించనివాళ్లై ఉండేలా చూడండి. మొదటి వారం మీ రాత సంచీలోనే ఉంచి, వచ్చినవాళ్లలో అందరికన్నా చిన్నవాళ్ల కథ అడిగి చదివించుకోండి.