స్ప్రెడ్‌షీట్ ఫైళ్ళ ఎక్కింపు, దింపుకోలు

స్ప్రెడ్‌షీట్ అనగా అడ్డు వరుసలు, నిలువు వరుసలు గల గళ్ళ పట్టికలో వివరములను భద్రపరచు ఫైలు. అటువంటి ఫైలును ఒక కంప్యూటరు నుండి వెబ్ సర్వరునకు పంపుటను ఎక్కింపు లేదా అప్‌లోడు అని, సర్వరు నుండి తెచ్చుకొనుటను దింపుకోలు లేదా డౌన్‌లోడు అని అంటారు. రైతుల జాబితాలు, మార్కెట్ ధరలు, బ్యాంకు చెల్లింపుల వివరములు వంటివి తరచుగా ఈ రూపములోనే చేతులు మారుతుంటాయి. ఈ ప్రయాణములో ఫైలు చెడిపోకపోయినా అందులోని విలువలు మారిపోవచ్చును. ఈ విషయములో ముఖ్యముగా తెలుసుకొనవలసినది ఇదే.

చరిత్ర

1979లో డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ రూపొందించిన విసికాల్క్ వ్యక్తిగత కంప్యూటర్లపై ప్రాచుర్యము పొందిన మొదటి స్ప్రెడ్‌షీట్ ప్రోగ్రాము. మైక్రోసాఫ్ట్ ఎక్సెల్ 1985లో మెకింటోష్ కొరకు, 1987లో విండోస్ కొరకు విడుదలయినది. వెబ్ పుట ద్వారా ఫైలును పంపే పద్ధతిని 1995 నవంబరులో ఆర్‌ఎఫ్‌సీ 1867 అను పత్రము వివరించినది. నేటికీ ఫారములోని ఫైళ్ళు ఆ పద్ధతి నుండి వచ్చిన బహుభాగ సందేశ రూపములోనే సర్వరుకు చేరుతున్నాయి.

గుంటూరు, ప్రకాశం ప్రాంతములో ఉపయోగము

గుంటూరు మిర్చి యార్డు దేశములోని అతి పెద్ద ఎండుమిర్చి మార్కెట్లలో ఒకటి. చిలకలూరిపేట పరిసరములు పత్తికి, జిన్నింగు మిల్లులకు పేరు పొందినవి. 2000లో మొదలైన ఆగ్‌మార్క్‌నెట్ మార్కెట్ యార్డుల రాబడులను, క్వింటాలుకు కనిష్ఠ, గరిష్ఠ, సాధారణ ధరలను వెబ్‌లో ఉంచినది. 2016 ఏప్రిల్ 14న జాతీయ వ్యవసాయ మార్కెట్, అనగా ఈ-నామ్, ప్రారంభమయినది. 2019 ఫిబ్రవరి 24న మొదలైన పీఎం-కిసాన్ పథకము కొరకు రాష్ట్రములు అర్హులైన రైతుల వివరములను పోర్టల్‌లోనికి ఎక్కించాయి. ఇటువంటి జాబితాలో ఒక రైతుకు సంబంధించినది ఒకే ఒక వరుస. ఆ వరుసలో ఒక అంకె మారినచో సొమ్ము చేరకపోవచ్చును, లేదా పొలము వేరొకరి పేరుతో కనిపించవచ్చును.

విలువలు ఎట్లు మారును

ఎక్సెల్ గడిలో టైపు చేసిన దానిని ఆ ప్రోగ్రాము తనంతట తానే సంఖ్యగానో, తేదీగానో ఊహించుకొంటుంది. దీనివలన కలుగు ముఖ్యమైన పొరపాట్లు ఇవి:

1. సర్వే నంబర్లు: 12-3 అను సబ్‌డివిజన్ నంబరును టైపు చేసినచో మన దేశపు అమరికలో అది మార్చి 12వ తేదీగా మారిపోతుంది. ఫైలులో నిలిచేది ఆ తేదీ యొక్క క్రమసంఖ్య. ఉదాహరణకు 2024 మార్చి 12కు ఆ సంఖ్య 45363. అదే నిలువు వరుసలో 214-3 అను నంబరు మాత్రము తేదీ కాజాలదు కనుక ఉన్నది ఉన్నట్లే ఉంటుంది. కొన్ని వరుసలు మాత్రమే మారుట చేత పొరపాటు వెంటనే కంటపడదు.

2. ఖాతా నంబర్లు: మొదట ఉన్న సున్నాలు తొలగిపోతాయి. ఎక్సెల్ 15 అంకెలను మాత్రమే కచ్చితముగా నిలుపుతుంది. 16వ అంకె నుండి అన్నీ సున్నాలగును. ఇట్లు పోయిన అంకెలను ఆ ఫైలు నుండి తిరిగి రాబట్టుట అసాధ్యము.

3. ఆధార్ నంబర్లు: 12 అంకెలు గల సంఖ్య సాధారణ గడిలో ఘాత రూపములో కనబడుతుంది. ఆ స్థితిలో సీఎస్‌వీగా భద్రపరచినచో తెరపై కనబడిన కొద్ది అంకెలే మిగులుతాయి.

4. తెలుగు అక్షరములు: మామూలు సీఎస్‌వీ రూపములో భద్రపరచినచో తెలుగు అక్షరముల స్థానములో ప్రశ్నార్థక చిహ్నములు వస్తాయి. యూటీఎఫ్-8 సీఎస్‌వీ రూపమును ఎంచుకొనవలెను. అను ఫాంట్లతో టైపు చేసిన పేర్లు యూనికోడ్ కానందున వాటిని ముందుగా మార్చవలసి ఉంటుంది.

ఇది మన ప్రాంతమునకే పరిమితమైన సమస్య కాదు. కొన్ని మానవ జన్యువుల సంక్షిప్త నామములు ఎక్సెల్‌లో తేదీలుగా మారుచున్నందున, శాస్త్రజ్ఞులు 2020లో ఆ పేర్లనే మార్చివేశారు.

వరుసల పరిమితి

పాత ఎక్స్‌ఎల్‌ఎస్ రూపములో 65,536 వరుసలు మాత్రమే పడతాయి. ఎక్సెల్ 2007తో వచ్చిన ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ రూపములో 10,48,576 వరుసలు పడతాయి. 2020 సెప్టెంబరు, అక్టోబరు నెలలలో ఇంగ్లాండు ప్రజారోగ్య సంస్థ పాత రూపమును వాడుట వలన 15,841 కోవిడ్ కేసులు రోజువారీ లెక్కలలోనికి సకాలములో చేరలేదు. వారి పరిచయస్థులను గుర్తించు పని కూడా ఆలస్యమయినది.

సర్వరు చేయవలసిన తనిఖీ

యార్డులో టిక్కీల నుండి మచ్చు తీసి చూడనిదే ధర కట్టరు. సర్వరు కూడా వచ్చిన ఫైలును పరీక్షింపక డేటాబేసులో చేర్చరాదు. సాధారణముగా పాటించు క్రమము ఇది:

మొదట ఫైలు పరిమాణమును చూడవలెను. పీహెచ్‌పీలో సహజముగా ఉండు పరిమితి 2 మెగాబైట్లు, ఎన్‌జింక్స్‌లో 1 మెగాబైటు. పెద్ద జాబితాల కొరకు వీటిని పెంచవలసి వచ్చును.

తరువాత ఫైలు నిజముగా స్ప్రెడ్‌షీటేనా అని చూడవలెను. పేరు చివరి అక్షరములను నమ్మరాదు. ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ ఫైలు నిజానికి కొన్ని ఎక్స్‌ఎంఎల్ ఫైళ్ళను కుదించి కట్టిన జిప్ మూట. విప్పినపుడు విపరీతముగా పెరిగిపోవు మోసపు మూటలు కూడా ఉంటాయి కనుక విప్పిన పరిమాణమునకు సైతము హద్దు విధించవలెను.

ఆ పైన ప్రతి వరుసను నియమములతో పోల్చవలెను. ఉదాహరణకు ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్‌లో 11 స్థానములుంటాయి. మొదటి 4 బ్యాంకును సూచించు అక్షరములు, 5వది సున్న, చివరి 6 శాఖను తెలుపుతాయి. సున్నకు బదులు 'ఓ' అక్షరమును టైపు చేయుట తరచుగా జరుగు పొరపాటు. కోడ్ ఆకృతి సరిగా ఉన్నంత మాత్రమున అది చెల్లుతుందని కూడా చెప్పలేము. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో విలీనమైన తరువాత దాని పాత కోడ్‌లు మారిపోయాయి.

చివరగా, తప్పులున్న వరుసలను నిశ్శబ్దముగా వదలివేయక, వరుస సంఖ్యతో, కారణముతో సహా పంపినవారికి తెలుపవలెను. వచ్చినవి ఎన్ని, చేర్చినవి ఎన్ని, నిలిపినవి ఎన్ని అను లెక్క సరిపోవలెను. మూల ఫైలును మార్చక భద్రపరచినచో తరువాత సరిచూచుకొనుటకు వీలగును.

దింపుకోలు

సర్వరు ఫైలును పంపునపుడు దాని రకమును, పేరును శీర్షికలలో తెలుపుతుంది. ఖాతా నంబర్లు, సర్వే నంబర్లు గల గళ్ళను పాఠ్య రూపములో ఉంచినచో అవి మారవు. సీఎస్‌వీలో ఈ సౌకర్యము లేదు. సమానము, ప్లస్, మైనస్, ఎట్ గుర్తులతో మొదలగు విలువలను ఎక్సెల్ సూత్రములుగా భావించి నడుపవచ్చును. కనుక ఇతరులు నింపిన వివరములను సీఎస్‌వీగా ఇచ్చునపుడు ఆ గుర్తులను నిర్వీర్యము చేయవలెను. రైతుల ఆధార్, ఖాతా వివరములు గల ఫైళ్ళను అనుమతి ఉన్నవారికే ఇవ్వవలెను. అందరికీ అందు చిరునామాలో ఉంచరాదు.

జిల్లాల మార్పు

పాత, కొత్త ఫైళ్ళను కలుపునపుడు జిల్లా పేర్లు చిక్కు తెచ్చును. 1970లో గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల భాగములతో ఒంగోలు జిల్లా ఏర్పడి, 1972లో ప్రకాశం జిల్లా అయినది. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రముగా పల్నాడు జిల్లా, బాపట్ల కేంద్రముగా బాపట్ల జిల్లా ఏర్పడినవి. చిలకలూరిపేట వివరములు 2021 ఫైలులో గుంటూరు క్రింద, 2023 ఫైలులో పల్నాడు క్రింద కనబడతాయి. జిల్లా పేరును బట్టి కూడినచో గుంటూరు జిల్లాలో పత్తి ఒక్కసారిగా తగ్గినట్లు తోచును. మారినది సరిహద్దు మాత్రమే. అందువలన పేర్లకు బదులు కేంద్ర పంచాయతీరాజ్ మంత్రిత్వ శాఖ స్థానిక ప్రభుత్వ డైరెక్టరీలోని గ్రామ, మండల కోడ్‌లను వాడి, ఆ వివరము ఏ తేదీ నాటిదో కూడా నమోదు చేయుట మంచిది.