తాతగారి బంగారు వాచీకి మెరుగు పెట్టించే ముందు

బంగారు వస్తువు చేతికి రాగానే మనం అడిగే ప్రశ్నలు రెండే. ఎన్ని గ్రాములు? ఎన్ని కేరట్లు? గాజులకూ గొలుసులకూ ఆ లెక్క సరిపోతుంది. పాత గొలుసు కరిగించి కొత్తది చేయించుకుంటే పోయేది తరుగూ, మజూరీ మాత్రమే. పాతకాలపు బంగారు చేతిగడియారం సంగతి అలా కాదు. అందులో బంగారం విలువ ఒక వంతు. మిగిలినదంతా, తయారైననాడు ఎలా ఉందో నేటికీ ఎంతవరకు అలాగే ఉందన్న దానిమీద ఆధారపడుతుంది. ఇంట్లో పెళ్లో, షష్టిపూర్తో వస్తోందని "కాస్త కొత్తదానిలా చేసిపెట్టండి" అంటూ దుకాణంలో ఇచ్చేవారు చాలామంది ఉన్నారు. ఆ విలువను వారు చేజేతులా, పైగా డబ్బిచ్చి మరీ పోగొట్టుకుంటున్నారు.

మన పెద్దల తరంలో పేరున్న స్విస్ వాచీ ఒమేగా. అందులో 1952లో మొదలైన కాన్‌స్టెలేషన్ రకాన్ని ఉదాహరణగా తీసుకుని, ఏమేమి చూడాలో తెలుసుకుందాం. వీటిలో చాలా పరీక్షలు మిగతా వాచీలకూ పనికివస్తాయి.

ముద్రలు చెప్పే మాట

నమ్మకమైన మెకానిక్ చేత మీ ఎదుటే వెనకమూత తీయించండి. లోపలివైపు భూతద్దంతో చూస్తే అంకెలు కనిపిస్తాయి. 750 అంటే 18 కేరట్లు, 585 అంటే 14, 375 అంటే 9 కేరట్లు. స్విట్జర్లాండులో 1995 దాకా 18 కేరట్ల కేసుకు స్త్రీ తల ముద్ర, 14 కేరట్లకు ఉడుత ముద్ర వేసేవారు. ఆ ఏడాది నుంచి వాటి స్థానంలో సెయింట్ బెర్నార్డ్ కుక్క తల వచ్చింది. కాబట్టి 1960ల నాటిదని చెప్పే వాచీ మీద కుక్క తల ముద్ర ఉంటే ఆలోచించవలసిందే.

916 బంగారానికి అలవాటుపడిన మన కళ్లకు 375 అన్న అంకె చూడగానే "మోసపోయాం" అనిపిస్తుంది. తొందరపడకండి. బ్రిటన్‌లో 9 కేరట్ల కేసులు మామూలే. బర్మింగ్‌హామ్‌లోని డెనిసన్ కంపెనీ ఒమేగా వాచీలకు కూడా కేసులు చేసింది. వాటిమీద 375తో పాటు ఆ ఊరి గుర్తయిన లంగరు బొమ్మ ఉంటుంది. అది నకిలీ కాదు, ఆ దేశపు పద్ధతి.

ఫ్రాన్సు ముద్రలు వేరు. అక్కడ తయారైన 18 కేరట్ల కేసు మీద గద్ద తల, బయటినుంచి దిగుమతి అయినదాని మీద గుడ్లగూబ ఉంటాయి. 1954 దాకా ఫ్రెంచి పాలనలో ఉన్న యానాంలోని పాత కుటుంబాలవారు తమ పెట్టెల్లోని వాచీలను ఒకసారి ఈ దృష్టితో చూసుకోవచ్చు.

మూత మీద "స్టెయిన్‌లెస్ స్టీల్ బ్యాక్" అనో, "20 మైక్రాన్లు" అనో ఉంటే సాధారణంగా అది నిండు బంగారం కాదు, పైపూత. అలాంటి వాచీకి పట్టీ తగిలించే కొమ్ముల చివర్లలోనూ, కీ చుట్టూనూ బంగారం అరిగి లోపలి లోహం బయటపడుతుంది. ఇంత స్పష్టంగా ముద్రలుండగా గీటురాయి మీద గీయించడం, ఆకురాయి పెట్టించడం అనవసరం. ఆ గీత మళ్లీ పూడదు.

గీతలు పరవాలేదు, అరుగుదలే నష్టం

కాన్‌స్టెలేషన్ వెనకమూత మీద చిన్న బంగారు బిళ్ల ఉంటుంది. దానిమీద నక్షత్రశాల గుమ్మటం, పైన ఆకాశంలో ఎనిమిది నక్షత్రాలు. గుమ్మటం గీతలు, నక్షత్రాల మొనలు చేతికి తగిలేలా ఉంటే ఆ కేసు బాగున్నట్టే. బిళ్ల నునుపుదేరి ఉంటే వాచీ ఎన్నోసార్లు పాలిష్ చక్రం కిందికి వెళ్లిందని అర్థం. కొమ్ముల అంచులు పదునుగా ఉన్నాయా, గుండ్రంగా మారాయా అన్నది కూడా చూడాలి. గీతలు వాడకం వల్ల పడ్డవి, వాటితో ప్రమాదం లేదు. పాలిష్ చక్రం తీసుకుపోయిన లోహం మాత్రం తిరిగిరాదు. ఉద్యోగ విరమణనాడు చెక్కించి ఇచ్చిన పేరూ, తేదీ కూడా దానితోనే పోతాయి.

డయల్‌తో జాగ్రత్త

ధర విషయంలో డయల్‌దే పెద్ద పాత్ర. మచ్చలు పడి గోధుమరంగుకు తిరిగిన అసలు డయల్‌కు, తళతళలాడే కొత్త రంగు డయల్ కంటే ఎక్కువ విలువ కట్టేవారే ఎక్కువ. భూతద్దంతో అక్షరాలు చూడండి. మందం ఒకే తీరుగా ఉందా? నిమిషాల గీతలు గంటల గుర్తులకు సరిగ్గా ఎదురుగా ఉన్నాయా? అడుగున "స్విస్ మేడ్" అన్నది ఉందా, సగం తెగిపోయిందా? తేడా ఉంటే మళ్లీ రంగు వేశారన్నమాట. పాత హెచ్.ఎం.టి., ఫావ్రె-లూబా వాచీలకు హంగు రంగుల డయళ్లు వేసి అమ్మే వ్యాపారం ఎంతగా సాగిందంటే, సేకర్తలు వాటికి "ముంబై స్పెషల్" అని పేరే పెట్టారు.

చీకట్లో మెరిసే ముళ్లున్న పాత వాచీలతో మరో జాగ్రత్త అవసరం. పూర్వం రేడియం వాడేవారు. మెరుపు పోయినా రేడియం పోదు, దాని అర్ధాయువు సుమారు 1600 ఏళ్లు. అందుకని ఆ రంగును ఇంట్లో గోకకూడదు, పిల్లల చేతికి ఇవ్వకూడదు.

లోపలి యంత్రం

కాన్‌స్టెలేషన్ యంత్రం రాగి రంగులో ఉంటుంది. మూత లోపలి నంబరుకూ యంత్రం మీది నంబరుకూ పొంతన ఉండాలి. ఉదాహరణకు మూత మీద 168.005 ఉంటే లోపల 561 రకం, తేదీ చూపేది, ఉండాలి. 167.005 అయితే తేదీ లేని 551 రకం. పొంతన లేకపోతే రెండు వాచీల భాగాలు కలిపి ఒకటి చేశారేమోనని అనుమానించాలి. యంత్రం మీది వరుస సంఖ్యను బట్టి కాలం కూడా ఉజ్జాయింపుగా తెలుస్తుంది. అది రెండు కోట్ల దగ్గర ఉంటే సుమారు 1963 నాటిది. "తాతగారు 1955లో కొన్నారు" అన్న ఇంటిమాటతో అది కలవకపోతే, యంత్రమైనా మారి ఉండాలి, కథైనా మారి ఉండాలి.

ఈ రకానికి కీ పది పలకలుగా ఉండేది. అద్దం మధ్యలో, లోపలివైపు, కంటికి ఆనీ ఆనకుండా ఒమేగా గుర్తు ఉంటుంది. ఈ రెండూ అరిగిపోయి మార్చే భాగాలే కనుక, మారినా పెద్ద లోపంగా పట్టించుకోనక్కరలేదు.

మెకానిక్‌కు ఏం చెప్పాలి?

శుభ్రం చేసి నూనె మార్చమనండి. ఎండిన నూనెతో నడిపిస్తే యంత్రం అరుగుతుంది కనుక ఇది తప్పనిసరి. పాలిష్ వద్దనీ, డయల్ ముట్టుకోవద్దనీ, మార్చిన పాత భాగాలు తిరిగి ఇవ్వాలనీ రసీదు మీదే రాయించుకోండి.

అన్నదమ్ముల పంపకంలో ఇలాంటి వాచీ వస్తే కంసాలి తక్కెడలో వేసి రేటు కట్టకండి. గ్రాముల లెక్క చూస్తే తీసుకున్నవారికి లాభం, వదులుకున్నవారికి అన్యాయం. పాత వాచీలు తెలిసిన ఇద్దరి చేత విడివిడిగా వెల కట్టించి, ఆ తరువాతే మాట్లాడుకోండి. ఎవరి దగ్గర ఉన్నా సరే, ఎవరు కొన్నారు, ఏ ఊళ్లో ఉద్యోగం చేస్తుండగా కొన్నారు అన్నది పెద్దవాళ్లు ఉండగానే అడిగి, ఒక కాగితం మీద రాసి వాచీ పెట్టెలోనే ఉంచండి. పాత బిల్లు దొరికితే అదీ అందులోనే పెట్టండి. ఊళ్లు మారిన మనలాంటి కుటుంబాల్లో పిల్లలు రేపు మొదట అడిగేది ఆ వివరాలే.